నాన్నగారి పాత సీడీల్లోని పాటలు కంప్యూటర్‌లోకి: ముందు చదవడం సరిగ్గా జరగాలి, ఫార్మాట్ సంగతి తర్వాత

మీ నాన్నగారు దాచిన ఘంటసాల పాటల సీడీలు, కర్ణాటక కచేరీల సీడీలు ఉన్నాయి, కొన్నిటి మీద గీతలు పడ్డాయి, ల్యాప్‌టాప్‌కి డ్రైవ్ లేదు, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో ఎంపీత్రీలోకి మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చండి. మా ఇంట్లో సీడీలన్నీ నేను అలాగే ఎక్కించాను. కాకపోతే మొదటిసారే ఎంపీత్రీ చేసేయకండి. ముందు ఫ్లాక్ (FLAC) అనే ఆడియో ఫార్మాట్‌లో దాచండి. అందులో నాణ్యత ఏమీ పోదు. ఫోన్‌కి, కారుకి కావలసినవి తర్వాత ఎప్పుడైనా దాన్నుంచే తీసుకోవచ్చు. డిస్కుని మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం డిస్కుని తప్పుల్లేకుండా చదవడం. ఫైళ్ళు దాచే డేటా సీడీలో ఒక్కో సెక్టారుకి, అంటే డిస్కులోని ఒక్కో చిన్న ముక్కకి, అదనంగా తప్పులు దిద్దే సమాచారం ఉంటుంది. ఆడియో సీడీలో ఆ జాగా కూడా సంగీతానికే పోతుంది. అందుకే గీత మరీ లోతైతే డ్రైవ్ చుట్టుపక్కల శబ్దాన్ని బట్టి ఊహించి ఏదో ఒకటి నింపేస్తుంది. మామూలు సాఫ్ట్‌వేర్ ఆ ఊహనే నిజమని రాసుకుపోతుంది. ఆర్నెల్ల తర్వాత తంబురా మీద 'టిక్' అని వినపడినప్పుడు గానీ మనకి తెలియదు.

లినక్స్‌లో సీడీపారనోయా అనే ప్రోగ్రామ్ ఈ పని చక్కగా చేస్తుంది. ముందు చదివిన భాగంలో కొంత మళ్ళీ కలిసొచ్చేలా చదివి, రెండూ పోల్చి చూసుకుని ముందుకెళ్తుంది. చదువుతున్నంతసేపూ తెరమీద గుర్తులతో చేసిన చిన్న ముఖం ఒకటి కనిపిస్తుంది. అంతా బాగుంటే నవ్వుతుంది, గీత తగిలితే మూతి ముడుస్తుంది, దిద్దలేక వదిలేస్తే కన్నీరు పెడుతుంది. ఆ ముఖాన్ని గమనిస్తూ ఉండండి. ఏ ట్రాక్ దగ్గర ఏడిచిందో కాగితం మీద రాసుకుని, ఆ ట్రాక్ ఒక్కటీ మళ్ళీ తీయండి. దీన్నే వాడుకుంటూ ఏబీసీడీఈ అనే స్క్రిప్ట్ చదవడం, ఫ్లాక్ చేయడం, పేర్లు పెట్టడం అన్నీ ఒకే ఊపులో చేసేస్తుంది. కమాండ్లంటే టెన్షన్ అయితే అసుందర్ అనే ప్రోగ్రామ్ ఉంది, నాలుగు బటన్లు తప్ప ఇంకేం ఉండవు. విండోస్ అయితే ఫ్రీ-ఏసీ. ఇవన్నీ ఓపెన్ సోర్సే.

యూఎస్‌బీ డీవీడీ రైటర్ ఒకటి కొనండి. ఒక డ్రైవ్ మొరాయించిన డిస్కుని ఇంకోటి చదివేస్తుంది. నా దగ్గర కొత్త డ్రైవ్ వదిలేసిన డిస్కుల్ని అక్కయ్యపాలెంలో ఒక రిపేర్ షాపులో కొన్న పాత డెస్క్‌టాప్ డ్రైవ్ చదివింది. మన విశాఖ ఉప్పుగాలికి, ఉక్కకి ప్లాస్టిక్ కవర్లు డిస్కుకి అతుక్కుపోతుంటాయి, లాగేయకండి, మెల్లగా విడదీయండి. తుడిచేటప్పుడు మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పకూడదు. పాట డిస్కు చుట్టూ వలయంలా నడుస్తుంది కాబట్టి ఆ దారి వెంబడి పడ్డ గీత అడ్డగీత కంటే ఎక్కువ చెడుపు చేస్తుంది. బొమ్మ ఉన్న వైపు ఇంకా జాగ్రత్త. మెరిసే పొర ఆ వైపే, పల్చటి పూత కింద ఉంటుంది. డిస్కుని దీపానికి ఎదురుగా పట్టుకుంటే సూదిమొనంత చిల్లులు కనిపించాయంటే అక్కడ పొర ఊడిపోయినట్టే.

ఒక్క విషయం చూసుకోండి. ఒకే డిస్కులో వంద పాటలున్నాయంటే అది ఆడియో సీడీ కాదు, ఎంపీత్రీ ఫైళ్ళున్న డేటా డిస్కు. వాటిని కాపీ చేసుకుంటే చాలు, ఫ్లాక్ చేస్తే సైజు పెరగడం తప్ప లాభం లేదు. కాపీ ఆగిపోతుంటే, చెడిన డిస్కుల నుంచి వచ్చినంతవరకు డేటా లాగే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ ప్రయత్నించండి.

సైజు గురించి బెంగ వద్దు. ఆడియో సీడీ సెకనుకి 1,411 కిలోబిట్లు. ఫ్లాక్‌లో సుమారుగా అందులో సగానికి, కాస్త పైకి వస్తుంది. ఘంటసాల గారి పాత మోనో పాటలైతే, రెండు ఛానళ్ళలోనూ ఒకే శబ్దం ఉన్నచోట, ఇంకా తగ్గిపోతుంది. ఫోన్‌కి ఓపస్ అనే ఫార్మాట్‌లో సెకనుకి 128 కిలోబిట్లు చాలు. కారు స్టీరియో ఓపస్ తీసుకోకపోతే ఎంపీత్రీలు తయారుచేసే లేమ్ అనే ప్రోగ్రామ్‌తో ఎంపీత్రీ చేయండి, అందులో వీ2 అనే నాణ్యత సెట్టింగ్ బాగుంటుంది. కచేరీలకి మాత్రం నేను ఎంపీత్రీ వాడను. విశాఖ కళాభారతి ఆడిటోరియంలో కచేరీలు వింటూ పెరిగినవాణ్ణి, రాగం, తానం, పల్లవి మూడు ట్రాకులుగా ఉన్న డిస్కులో తానం నుంచి పల్లవికి వెళ్ళేచోట రెప్పపాటు మౌనం వచ్చినా నాకు ప్రాణం చివుక్కుమంటుంది. ఎంపీత్రీలో ఆ ఖాళీ వచ్చే అవకాశం ఉంది. ఫ్లాక్‌లో, ఓపస్‌లో ఆ బాధ లేదు.

పేర్ల దగ్గర ఓపిక కావాలి. సీడీల్లోని పాటల పేర్లు దాచే ఆన్‌లైన్ జాబితా మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో మన తెలుగు డిస్కులు చాలావరకు దొరకవు. ఆ జాబితా వాళ్ళదే పికార్డ్ అనే ప్రోగ్రామ్‌ ఉంది, దాని సాయంతో మీరే చేర్చండి, అదే డిస్కు ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. ఫ్లాక్ ట్యాగుల్లో, అంటే ఫైల్లోనే పాట వివరాలు రాసే చోట, తెలుగు లిపి హాయిగా పడుతుంది. గాయకుడి పేరు ఆర్టిస్ట్‌లో, సంగీత దర్శకుడిది కంపోజర్‌లో వేరువేరుగా రాయండి.

అంతా అయ్యాక ఫ్లాక్‌లోని పరీక్ష ఆప్షన్‌తో ఫైళ్ళన్నీ ఒకసారి సరిచూసి, రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో పెట్టుకోండి. ఏ డిస్కైనా ఎంతకీ రాకపోతే, ఏ ట్రాక్ దగ్గర ఆగిందో, ఏ డ్రైవ్ వాడారో ఇక్కడే రాయండి, చూస్తాను.