వీడియో మీ సర్వర్ గుండా వెళ్లనక్కరలేదు

ప్రశ్న: బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో వీణలు చేసేవారి కోసం ఒక యాప్ తయారుచేస్తున్నాను. పనస దుంగను తొలవడం మొదలుకొని మెట్లు అమర్చడం దాకా వారు ఫోనుతో తీసిన వీడియోలు ముందు మా సర్వర్‌కు చేరి, అక్కడి నుంచి అమెజాన్ వారి ఆన్‌లైన్ నిల్వ సేవ ఎస్3లోకి వెళ్తాయి. ఫోటోలు చక్కగా చేరుతున్నాయి గానీ వీడియోలకు 413 ఎర్రర్ వచ్చేది. పరిమితి పెంచాక సగంలో ఆగిపోతున్నాయి. సర్వర్ మెమరీ పెంచమంటారా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మెమరీ పెంచితే మీకు బిల్లు పెరుగుతుందే తప్ప వీడియోలు చేరవు. ఎంజినెక్స్ వెబ్ సర్వర్‌ను ఉన్నదున్నట్టు వాడితే 1 ఎంబీకి మించిన అభ్యర్థనను 413తో తిప్పికొడుతుంది. కుదించిన ఫోటోలు దాటిపోయి వీడియోలు ఆగడానికి బహుశా అదే కారణం. పరిమితి పెంచాక ఆ అడ్డు తొలగింది గానీ, ఊళ్లో సిగ్నల్ ఒక్క క్షణం తప్పినా మొత్తం ఫైలును మళ్లీ మొదటి నుంచి పంపవలసిన పరిస్థితి అలాగే ఉంది.

కాబట్టి ఫైలును సర్వర్ గుండా పంపడమే మానండి. సర్వర్ చేయవలసిన పని అనుమతి ఇవ్వడం మాత్రమే: అడిగినవారెవరో సరిచూసి, ఫలానా పేరుతో ఫైలు పెట్టడానికి కొద్దిసేపు మాత్రమే చెల్లే ప్రీసైన్డ్ యూఆర్ఎల్ (ముందే సంతకం చేసిన లింకు) ఒకటి ఇస్తే, ఫోను నేరుగా ఎస్3కే పంపుతుంది. దీని గడువు గరిష్ఠంగా 7 రోజుల వరకు పెట్టుకోవచ్చు గానీ, గంటకు మించి ఇవ్వవలసిన అవసరం నాకు కనిపించదు. ఎస్3ని తెరిచే రహస్య సంకేతమైన సీక్రెట్ కీని యాప్‌లోనే పెట్టేస్తే పని సులువవుతుందన్న ఆలోచన మాత్రం రానీయకండి. యాప్‌ను ఫోనులో ఇన్‌స్టాల్ చేసే ఏపీకే ఫైలును విప్పి చూడగలిగిన ఎవరికైనా అది దొరుకుతుంది. ఫైలు పేరును కూడా సర్వరే నిర్ణయించాలి, ఎందుకంటే వర్షనింగ్ (పాత ప్రతులను దాచే ఏర్పాటు) లేని బకెట్‌లో, అంటే ఎస్3లో ఫైళ్లుండే అరలో, అదే పేరుతో మరొకటి వస్తే పాతది చడీచప్పుడు లేకుండా పోతుంది.

ఇక సగంలో తెగిపోవడం గురించి. ఎస్3లో ఒకే అభ్యర్థనతో 5 జీబీ వరకు పంపవచ్చన్నది నిజమే అయినా, మీ పరిస్థితికి మల్టీపార్ట్ అప్‌లోడ్ తగినది. ఇందులో ఫైలును భాగాలుగా చేస్తారు. చివరిది తప్ప ప్రతి భాగమూ కనీసం 5 ఎంబీ ఉండాలి, మొత్తం 10,000 భాగాలు మించకూడదు. 600 ఎంబీ వీడియోను 8 ఎంబీ చొప్పున విడగొడితే 75 భాగాలు అవుతాయి. నలభయ్యోదాని దగ్గర సిగ్నల్ పోతే ఆ ఒక్కదాన్నే మళ్లీ పంపితే సరిపోతుంది. ప్రతి భాగానికీ విడిగా ఒక ప్రీసైన్డ్ యూఆర్ఎల్ కావాలి. భాగం చేరగానే ఎస్3 ఈట్యాగ్ అనే గుర్తును తిరిగి పంపుతుంది. వాటన్నిటినీ భాగాల సంఖ్యలతో సహా దాచుకుని చివర్లో ఒప్పజెబితేనే అది ఒక ఫైలుగా తయారవుతుంది. మున్ముందు బ్రౌజర్ నుంచి కూడా పంపదలిస్తే, బకెట్ కార్స్ నియమాల్లో (వేరే సైటులోని కోడ్‌కు బ్రౌజర్ ఏమేం అనుమతించాలో చెప్పేవి) ఈట్యాగ్ హెడర్‌ను బయటికి కనిపించేలా పెట్టండి, లేకపోతే భాగాలన్నీ చేరినా మీ కోడ్‌కు ఆ గుర్తులు అందవు.

మధ్యలో వదిలేసిన భాగాలు ఫైళ్ల జాబితాలో కనిపించవు గానీ వాటికీ బిల్లు పడుతూనే ఉంటుంది. పూర్తికాని అప్‌లోడ్‌లను కొన్ని రోజుల తరువాత తొలగించే లైఫ్‌సైకిల్ నియమాన్ని మొదటి రోజే బకెట్‌కు పెట్టండి.