టెక్సస్‌లో సంతకం, కాలిఫోర్నియాలో ఉద్యోగం

ప్రశ్న: మా తమ్ముడు టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మానేశాక ఏడాది దాకా పోటీ కంపెనీలో చేరనని చేరినప్పుడే సంతకం పెట్టాడు. ఇప్పుడు కాలిఫోర్నియా కంపెనీ ఒకటి పిలుస్తోంది. అక్కడ అలాంటి షరతులు చెల్లవు, భయం లేదని స్నేహితులంటున్నారు. నిజమేనా? ఇంకోటి, ఇక్కడ నాకు జీఎస్టీ, ట్యాక్స్ పనుల చిన్న సెంటర్ ఉంది. రెండేళ్లు పని నేర్పిన కుర్రాడు పాతపట్నంలో సొంతంగా పెట్టుకుంటానంటున్నాడు. నేనూ అలాంటి కాగితం రాయించుకోవాల్సిందా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: స్నేహితులు చెప్పింది సగమే నిజం, టెన్షనంతా మిగతా సగంలోనే ఉంది. కాలిఫోర్నియాలో ఈ నాన్‌కంపీట్ షరతులు 1872 నుంచీ చెల్లవు. అది చాలదన్నట్టు 2024 జనవరి 1 నుంచి, సంతకం ఎక్కడ పెట్టినా ఎప్పుడు పెట్టినా సరే, ఆ షరతు అమలు చేయబోయిన యజమాని మీద ఉద్యోగే కేసు వేయొచ్చని కొత్త చట్టం తెచ్చారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ కాలిఫోర్నియా వాళ్లు చేసిన చట్టానికి టెక్సస్ జడ్జి తలూపాలని ఎక్కడుంది? అక్కడ గడువు, ప్రాంతం, పని పరిధి సబబుగా ఉంటే షరతు చెల్లుతుంది. పాత కంపెనీ ముందే టెక్సస్ కోర్టుకెళ్లి ఆర్డరు తెచ్చుకుంటే, కాలిఫోర్నియా చట్టం చూపించి గట్టెక్కుతాడన్న గ్యారంటీ లేదు. దేశమంతటికీ ఒకే నిషేధం పెడదామని, వ్యాపార పోటీ వ్యవహారాలు చూసే అక్కడి కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో రూలు చేసింది గానీ, ఆగస్టులో టెక్సస్‌లోని ఫెడరల్ కోర్టే దాన్ని కొట్టేసింది, 2025లో కమిషన్ అప్పీలూ వదిలేసుకుంది.

కాబట్టి ఏ రాష్ట్ర చట్టం, ఏ కోర్టు అని ఆ కాగితంలో ఏం రాశారో ముందు చూడమనండి. కాలిఫోర్నియాకి మకాం మారిస్తే అతని వాదనకి బలం, టెక్సస్ ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో పనిచేస్తే అంత ఉండదు. రాజీనామాకి ముందే లాయరుకి చూపించాలి, ఆ ఖర్చు కొత్త కంపెనీ పెట్టుకుంటుందేమో అడగడంలో తప్పులేదు. పాత కంపెనీ ఫైళ్లు, కోడ్ మాత్రం ఒక్కటీ వెంట తీసుకెళ్లకూడదు, వ్యాపార రహస్యాల విషయంలో కాలిఫోర్నియా కూడా ఊరుకోదు.

ఇక మీ సంగతి. విచిత్రం ఏమిటంటే మన కాంట్రాక్టు చట్టం కూడా 1872 నాటిదే. దాని 27వ సెక్షన్ ప్రకారం, పని మానేశాక ఫలానా వ్యాపారం చేయకూడదనే షరతు చెల్లదు. అది కేంద్ర చట్టం, మీరున్న ఒడిశాకి ఒకటి, పాతపట్నం ఉన్న ఆంధ్రాకి ఒకటి ఉండదు. పాతపట్నం కాదు, మీ పక్క షాపులో బోర్డు పెట్టినా మీరు ఆపలేరు. రాయించుకోనందుకు మీరేం నష్టపోలేదు. మీ దగ్గర జీతం తీసుకుంటూనే పోటీదారుకి పనిచేస్తే అడ్డుకోవచ్చు, అది వేరే సంగతి, 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక బ్యాంకు బాండు చెల్లుతుందని 2025లో అదే కోర్టు అంది గానీ, అది మధ్యలో మానేసినందుకు కట్టే డబ్బు, బయట బతకొద్దని కాదు. నన్నడిగితే, పని నేర్చినవాడు సొంతంగా పెట్టుకోవడం తప్పేం కాదు. మీరు చూసుకోవాల్సింది క్లయింట్ల కాగితాలు, జీఎస్టీ లాగిన్లు. ఓటీపీలు ఆ కుర్రాడి ఫోనుకే వెళ్తున్నాయేమో, ఈ వారంలోనే నంబర్లు మార్పించండి.