పొగమంచు వేళకి లారీ ఎక్కడుండాలి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

ఢిల్లీ పక్కన ఫరీదాబాద్‌కి బదిలీ ఖాయమైందని, ఇంటి సామానంతా లారీకెత్తిస్తున్నావని అక్క చెప్పింది. ఫోన్‌లో దగ్గర దారి చూసుకుని బేరం కూడా కుదుర్చుకున్నావట. దారి మాత్రం మొదటినుంచి మళ్లీ ఆలోచించు బాబూ. ఫోన్‌లో మ్యాపు ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో చెబుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి బండి ఏ ఊరి దాపున ఉంటుందో, ఆ వేళకి అక్కడ ఎదర బండి కనిపిస్తుందో లేదో చెప్పదు. చలికాలంలో ముందు తేల్చుకోవలసింది అదే.

అందుకని లెక్క శ్రీకాకుళం నుంచి మొదలుపెట్టకు, ఫరీదాబాద్ నుంచి వెనక్కి వెయ్యి. ఈ దారి మొత్తంలో గట్టి ప్రమాదం గ్వాలియర్ దాటాకే ఉంది. మొరేనా, ధోల్‌పూర్ మధ్య చంబల్ వంతెన, తర్వాత ఆగ్రా, మథుర, పల్వల్ వరకు యమున వారనే దారి. డిసెంబరు రెండో సగం నుంచి జనవరి చివరిదాకా అక్కడ రాత్రి పది దాటితే మంచు దిగుతుంది, తెల్లవారుజాము నాలుగు నుంచి ఎనిమిది వరకు మరీ చిక్కగా ఉంటుంది, కొన్ని రోజులు పదకొండైనా విడదు. చూపు 200 మీటర్ల లోపుకి పడిపోతే వాతావరణ శాఖ దట్టమైన పొగమంచు అంటుంది, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనదంటుంది. ఆ ముక్క దాటడానికి ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఐదు వరకే వేళ. ఝాన్సీ నుంచి ఫరీదాబాద్ దాదాపు 400 కిలోమీటర్లు, కాబట్టి దానికి రెండు పగళ్లు కేటాయించు. మిగతా దారంతా దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

తేదీ గురించి ఒక మాట. ధనుర్మాసంలో ఇల్లు మారకూడదని అక్క పట్టుబడుతోంది కదా, విను. డిసెంబరు 16 నుంచి సంక్రాంతి దాకా ఉత్తరాదిలో మంచు ముదిరే రోజులు కూడా అవే. పండక్కి డ్రైవర్లు, హమాలీలు దొరకరు, కిరాయి పెరుగుతుంది. నువ్వు ముందు వెళ్లి ఉద్యోగంలో చేరిపో, సామాను మాఘమాసంలో బయల్దేరనీ. ఫిబ్రవరికి అక్కడ పగలు ఎండ నిలుస్తుంది. కాదు, డిసెంబరు మొదట్లోనే పంపేస్తానంటావా, అప్పుడు మన వైపు తుపాను చూసుకోవాలి. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ భయం ఉంటుంది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో ఎన్ని చెట్లు రోడ్ల మీద పడ్డాయో నీకు తెలుసు. అల్పపీడనం అని వార్త వస్తే లోడింగ్ వాయిదా వెయ్యి, టార్పాలిన్ కప్పేశాం కదా అని బయల్దేరదీయకు.

ఇక దారి. మొత్తం సుమారు 1,900 కిలోమీటర్లు. మన ఊరి నుంచి హైవే మీద నాతవలస, అక్కడ తిరిగి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు. ఘాట్ ఎక్కితే సుంకి, పొట్టంగి, కొరాపుట్, దిగితే జైపూర్ (రాజస్థాన్‌ది కాదు, ఒడిశాది). తర్వాత బొరిగుమ్మ, జగ్దల్‌పూర్, కొండగావ్, కేశ్‌కాల్ ఘాట్, కాంకేర్, ధంతరి, రాయ్‌పూర్. అక్కడ మ్యాపు నిన్ను కవర్ధా, చిల్పి ఘాట్, మండ్లా మీదుగా జబల్‌పూర్ పొమ్మంటుంది, దాదాపు 150 కిలోమీటర్లు కలిసొస్తుందని. వద్దు. అది అడవి, ఘాట్, చలిలో పొద్దున్నే మంచు పట్టే దారి. రాయ్‌పూర్ నుంచి దుర్గ్, రాజ్‌నంద్‌గావ్, భండారా మీదుగా నాగ్‌పూర్ వెళ్తే మధ్యలో డివైడరున్న రోడ్డు. అక్కడ 44వ నంబరు హైవే ఎక్కితే సివనీ, నర్సింగ్‌పూర్, సాగర్, లలిత్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్, ఆగ్రా, మథుర, పల్వల్, ఫరీదాబాద్. ఎదర నుంచి వచ్చే లైట్లు కళ్లలో పడని రోడ్డుకి 150 కిలోమీటర్లు ఎక్కువైనా పర్వాలేదు.

మరి సాలూరు ఘాట్, కేశ్‌కాల్ ఘాట్ ఎందుకు ఒప్పుకున్నానంటే, వాటిని తప్పించాలంటే విజయవాడ, హైదరాబాద్ మీదుగా నాగ్‌పూర్ చేరాలి, మూడొందల యాభై కిలోమీటర్లకు పైనే అదనం. డ్రైవరు ఘాట్ తెలిసినవాడైతే, పగలు దాటిస్తే, ఆ రెండూ భయపడేవి కావు. తెలియనివాడైతే, లేక లోడు క్యాబిన్ కంటే ఎత్తుగా కట్టిన ఓపెన్ బండైతే, మాట్లాడకుండా హైదరాబాద్ దారే పట్టించు. సంక్రాంతి ముందు మూడు రోజులు, తర్వాత మూడు రోజులు మాత్రం విజయవాడ, హైదరాబాద్ రోడ్డు జోలికి పోవద్దు.

ఇంకొకటి, చిలకపాలెం నుంచి రాజాం మీదుగా రామభద్రపురం దగ్గర దారి అని ఎవరో ఒకరు చెబుతారు. దూరం తక్కువే. ఈ కాలంలో ఆ దారి పొడుగునా వరి కుప్పలు, రోడ్డు మీదే ఆరబోసిన ధాన్యం, చుట్టూ పెట్టిన రాళ్లు, వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్లు, టైరు బళ్లు. నాతవలస తిరిగే వెళ్లండి.

రోజుల పంపకం ఇలా పెట్టుకో. లోడింగ్ ముందురోజే అయిపోవాలి. మొదటిరోజు పొద్దున్న ఏడింటికి బయల్దేరితే పదకొండుకి సాలూరు, మూడింటికి కొరాపుట్, ఐదింటికి జైపూర్, అక్కడ ఆగాలి. రెండోరోజు తొమ్మిదింటికి ముందు కదలక్కర్లేదు. కేశ్‌కాల్ సాయంత్రం నాలుగు ప్రాంతంలో దాటి చీకటి పడేసరికి కాంకేర్. ఆ ఘాట్‌ను రిపేర్ల కోసం పెద్ద బళ్లకు మూసేసిన సందర్భాలున్నాయి, ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. మూడోరోజు పొడుగు రోజు, భండారా దాకా 370 కిలోమీటర్లు, రాత్రి ఎనిమిదైనా ఫర్వాలేదు, ఆ వైపు మంచు గొడవ తక్కువ. నాలుగోరోజు నర్సింగ్‌పూర్. ఐదోరోజు ఝాన్సీ, వెలుగుండగా అందకపోతే లలిత్‌పూర్‌లోనే ఆపెయ్యాలి. ఆరోరోజు పదకొండుకి కదిలి ఐదింటికి ఆగ్రా. ఏడోరోజు మళ్లీ పదకొండుకి కదిలితే చీకటి పడేలోగా ఫరీదాబాద్. సామాను దింపేది మర్నాడు పొద్దున్న.

ఈ లెక్క డ్రైవరుకి నచ్చదు. వాళ్లకి రిటర్న్ లోడు అందాలి, రాత్రిళ్లు రోడ్డు ఖాళీగా ఉంటుంది. అందుకే బేరం మళ్లీ మాట్లాడమంటున్నాను. ఏడు రోజుల ప్రయాణమని, రాత్రి పదినుంచి బండి నిలబడుతుందని, ఝాన్సీ దాటాక మంచు విడే వరకు కదలదని, ఆ ఆగిన వేళలకు హాల్టింగ్ చార్జీ ఇంత అని కాగితం మీద రాయించు. రాత్రి నడపొద్దని చెప్పి, ఆ రాత్రికి డబ్బివ్వకపోతే డ్రైవరు నడిపే తీరతాడు. అతన్ని తప్పుపట్టలేం.

ఘాట్‌లో ఎక్కేటప్పుడు సాలూరు వైపు వంపుల్లో దామన్‌జోడి నాల్కో కంపెనీకి వెళ్లొచ్చే పెద్ద ట్రెయిలర్లు ఎదురవుతాయి. మలుపులో వాటి తోక మన లైనులోకి వస్తుంది. హారన్ కొట్టి, అది తిరిగేదాకా వంపుకి ఇవతలే ఆగాలి. ఎక్కే బండికి ముందు దారివ్వాలని రూలున్నా, దిగే ట్రెయిలరుకి బ్రేకు పట్టకపోతే రూలు ఆదుకోదు. కేశ్‌కాల్ మనకి దిగుడు, పన్నెండు మలుపులు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు, ఇంజనుతోనే వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేసి ఉండాలి. ఊరికే బ్రేకు తొక్కుతూ దిగితే లైనింగ్ కాలి వాసనొస్తుంది, ఆ తర్వాత తొక్కినా బ్రేకు పట్టదు. న్యూట్రల్‌లో దింపి డీజిల్ మిగులుద్దామనుకునే డ్రైవరైతే ముందే మార్చెయ్యి.

మంచులో నడపడం గురించి డ్రైవరుతో కూర్చుని మాట్లాడు. డిప్‌లైటే వెయ్యాలి. హైబీమ్ వేస్తే వెలుగు మంచుకి తగిలి వెనక్కి కొట్టి తెల్లగోడలా కనిపిస్తుంది. ఫాగ్‌లైట్లు బంపరు కింద ఉండాలి, క్యాబిన్ మీద కాదు. నడుస్తున్నప్పుడు నాలుగు ఇండికేటర్లూ వేసుకునే అలవాటు మానాలి, వెనకవాడికి మనం ఆగామో, తిరుగుతున్నామో తెలియదు. అవి ఆగినప్పుడే. వేగానికి కొలత ఒకటే: కనిపించినంత మేరలో బండి ఆగాలి. మంచుకి తడిసిన రోడ్డు మీద 40లో వస్తున్న లోడు బండి, డ్రైవరు చూసి తొక్కేసరికి, దాదాపు 40 మీటర్లు వెళ్లి ఆగుతుంది. 60లో వస్తే 70 మీటర్లు. చూపు 50 మీటర్లుంటే 60లో నడపడమంటే కళ్లు మూసుకుని నడపడమే. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలం పెద్ద బళ్ల వేగం 60కి తగ్గిస్తారు. మంచు చిక్కబడితే ఆ 60 కూడా ఎక్కువే.

మంచు ఒక్కసారి కమ్మితే చాలామంది రోడ్డు పక్కనే ఆపేస్తారు. వరసగా బళ్లు గుద్దుకునేది అక్కడే. నెమ్మదిగా ఎడమ గీత పట్టుకుని పెట్రోలు బంకో, ధాబా ఆవరణో దొరికేదాకా వెళ్లి, హైవేకి పూర్తిగా దూరంగా ఆపాలి. బండి రోడ్డు మీదే పాడైతే మనుషులు దిగి రెయిలింగుకి అవతల నిలబడాలి, త్రికోణం బోర్డు బాగా వెనక పెట్టాలి, 1033కి ఫోన్ చెయ్యాలి. హైవే వాళ్ల సాయం నంబరది.

బండి చూసేటప్పుడు వెనక వైపు ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, పక్కల పసుపు, ముందు తెలుపు ఉన్నాయా, దుమ్ము పట్టి మాసిపోయాయా అని చేత్తో తుడిచి చూడు. టైర్ల గాలి సంగతి చాలామంది మర్చిపోతారు. ఇక్కడ 28 డిగ్రీల ఎండలో 100 పెట్టిన టైరు గ్వాలియర్‌లో ఎనిమిది డిగ్రీల పొద్దున్నకి ఏడెనిమిది పాయింట్లు తగ్గిపోతుంది. నర్సింగ్‌పూర్‌లో, ఝాన్సీలో పొద్దున్న బండి కదలకముందే కొలిపించాలి, వేడెక్కాక కొలిచిన లెక్క పనికిరాదు. డీజిల్ ట్యాంకు రాత్రి ఆపేముందు నింపాలి, ఖాళీ ట్యాంకు చలికి లోపల నీరు పడుతుంది. బీఎస్-6 బండైతే పొగలో కాలుష్యం తగ్గించే డీఈఎఫ్ ద్రవం ఒక క్యాను వెంట ఉంచమను, అది అయిపోతే ఇంజను లాగదు. డ్రైవరు దారిలో ఢిల్లీలో ఇంకో పార్టీ సామాను దింపుతానంటే ఒప్పుకోకు. చలికాలం కాలుష్యం పెరిగినప్పుడు పాత బళ్లను, కొన్నిసార్లు చాలా లారీలను సరిహద్దులోనే ఆపేస్తారు. నీ సామాను అక్కడే ఇరుక్కుంటుంది.

సామాను కట్టడంలో చలికాలానికి ప్రత్యేకంగా ఒకటుంది, శ్రద్ధగా విను. మన తీరంలో గాలి తడిగా ఉంటుంది. ఆ గాలిని కంటైనరులో మూసి తీసుకెళ్తాం. సాగర్, ఝాన్సీ దగ్గర రాత్రి ఇనుప రేకు చల్లబడగానే లోపలివైపు చెమట పట్టి, బొట్లు బొట్లుగా పరుపుల మీద పడుతుంది. నాలుగు రాత్రులు ఇలా జరిగితే దూది బూజు పడుతుంది. మంచు ఆరాక, పది దాటాకే లోడు చేయించు. ఫ్రిజ్ ఒకరోజు ముందే ఆపి తలుపు తెరిచి ఆరబెట్టు, వాషింగ్ మెషిన్ గొట్టంలో నీళ్లు పూర్తిగా వంచెయ్యి. పరుపుకి నేరుగా ప్లాస్టిక్ చుట్టకు, ముందు పాత దుప్పటి, దానిమీద ప్లాస్టిక్, అదీ కింద వైపు తెరిచి. పైరేకుకి సామానుకి మధ్య జానెడు ఖాళీ వదిలి, అన్నిటికంటే పైన ఒక మందపాటి బొంత పరిపించు, కారిన నీరు అది పీల్చుకుంటుంది. బీరువా, వాషింగ్ మెషిన్, పుస్తకాల పెట్టెలు క్యాబిన్ గోడకి ఆనించి కింద, తేలికవి వెనక. ఫ్రిజ్ నిలువుగానే ఉండాలి. బైకులో పెట్రోలు తీసెయ్యాలి. గ్యాస్ సిలిండరు లారీ ఎక్కించొద్దు, ఏజెన్సీలో ఇచ్చేసి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకో.

వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అక్కర్లేదు. అయినా వస్తువుల జాబితా, బదిలీ ఉత్తర్వు కాపీ, లారీవాళ్లిచ్చే బిల్టీ రసీదు డ్రైవరు దగ్గర ఉంటే దారిలో ఎక్కడ ఆపి అడిగినా వాదన ఉండదు.

డ్రైవర్లు ఇద్దరుండాలి. మన వైపు కుర్రాళ్లకి ఆ చలి తెలియదు, ఒక్క దుప్పటితో బయల్దేరిపోతారు. ఇద్దరికీ రగ్గులు, మంకీ క్యాపులు, మేజోళ్లు నువ్వే కొనివ్వు. అన్నిటికంటే ముఖ్యంగా, ధాబాలో బొగ్గుల కుంపటి తెచ్చుకుని క్యాబిన్‌లో పెట్టుకుని అద్దాలు బిగించుకుని పడుకోవద్దని మొహం మీద చెప్పు. బొగ్గు నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజను ఆన్‌లో పెట్టి హీటరు వేసుకుని పడుకోవడమూ ప్రమాదమే.

అమ్మాయిని, పిల్లల్ని లారీలో పంపకు. విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీ నిజాముద్దీన్‌లో దిగుతారు, అక్కడనుంచి ఫరీదాబాద్ దగ్గరే. మంచుకి రైళ్లూ ఆలస్యమవుతాయి, కాబట్టి లారీ కదిలిన నాలుగోరోజు బయల్దేరదీయి. లారీ ఆగే ఊళ్లు, వేళలు ఒక కాగితం మీద రాసి ఒకటి డ్రైవరుకి, ఒకటి నాకు పంపు. సాయంత్రం ఆగాక, పొద్దున్న కదిలే ముందు డ్రైవరు నీకు ఫోన్ చెయ్యాలి. నడుస్తుండగా నువ్వు చెయ్యకు.

ఇట్లు,
మావయ్య
శ్రీకాకుళం