పే స్లిప్‌లో ఆ ఒక్క లైను

అమ్మా,

నీ కథ అందింది. నాయకుడి ఉపన్యాసానికి రెండు పేజీలిచ్చావు. ఉద్యోగుల సంఘానికి కట్టే సభ్యత్వ చందా సంగతిని మాత్రం "నెలనెలా జీతంలో కట్ అయ్యేది" అని ఒక్క వాక్యంలో దాటేశావు. నన్నడిగితే నీ కథ ఆ వాక్యంలోనే ఉంది. ఉపన్యాసాలు పాఠకులు చాలా విన్నారు.

నీ కథానాయకుడు కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా కదా, ముందు అక్కడి పద్ధతి తెలుసుకో. సర్వీసు సంఘాల గుర్తింపుకి 1993లో నిబంధనలు వచ్చాయి. ఒక కేటగిరీ ఉద్యోగుల్లో కనీసం 35 శాతం సభ్యులుగా ఉంటేనే సంఘానికి గుర్తింపు. అలాంటి సంఘం ఒక్కటే ఉన్నచోట, రెండో స్థానంలో ఉన్నదానికి 15 శాతం ఉన్నా గుర్తింపు ఇవ్వొచ్చు. ఈ లెక్క తేల్చేది రసీదు పుస్తకాలు చూసి కాదు, జీతాల బిల్లు చూసి. దాన్నే చెక్-ఆఫ్ అంటారు. ఫలానా సంఘానికి నా జీతంలోంచి ఇంత ఇవ్వండి అని ఉద్యోగి సంతకం చేసిస్తాడు. జీతాల బిల్లులు చేసే అధికారి, డీడీఓ, ఆ డబ్బు కోసి సంఘానికి పంపిస్తాడు.

ఇందులో తిరకాసు చూడు. సంఘం ఎవరితో కొట్లాడాలో, వాళ్ల జీతాల సెక్షనే సంఘం బలమెంతో తేలుస్తుంది. ఎవరు ఏ సంఘంలో ఉన్నారో పై అధికారికి పేరుపేరునా తెలిసిపోతుంది. ట్రాన్స్‌ఫర్ కోసం ఎదురుచూస్తున్నవాడు ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఏం ఆలోచిస్తాడు? పక్క సీటు సీనియర్ పెన్ను చేతికిచ్చి నిలబడితే వద్దనగలడా? వద్దనుకుని ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌కి వెళ్లడానికి మొహమాటపడ్డాడా? వీటికి జవాబులు రాయి. నీ నాయకుడు రెండు పేజీల్లో చెప్పలేనిది ఆ సంతకం చెబుతుంది.

అలాగని చెక్-ఆఫ్‌ని దుర్మార్గం చేసేయకు. రసీదు పుస్తకాల రోజుల్లో ఒకే మనిషిని రెండు సంఘాలూ తమవాడే అని చూపించుకోవడం తేలిక. జీతాల బిల్లు దగ్గర ఆ పప్పులు ఉడకవు. వసూళ్ల బెంగ లేకపోతే కోశాధికారి కూడా ప్రశాంతంగా నిద్రపోతాడు.

కానీ పోయినదొకటి ఉంది. చందా కోసం వచ్చేవాడు సీటు దగ్గర నిలబడేవాడు. "మా అరియర్స్ ఏమయ్యాయి, ప్రమోషన్ల లిస్టు ఎక్కడ ఆగింది" అని అడిగే వీలుండేది. డబ్బులిచ్చేవాడికి ఆ మాత్రం తిట్టే హక్కూ ఉండేది. ఇప్పుడు డబ్బు దానంతటదే వెళ్లిపోతుంది. నాయకుడు ఫైలు పట్టుకుని పై అంతస్తులో ఎక్కువగా, మన సెక్షన్‌లో తక్కువగా కనిపిస్తాడు. అన్ని సంఘాలూ ఇలాగే ఉన్నాయని కాదు, నేను పనిచేసిన జీతాల సెక్షన్ నుంచి నాకు కనిపించిన సంగతి ఇది.

రైల్వే సంగతి కూడా చదువు. అక్కడ యూనియన్ల గుర్తింపుకి రహస్య బ్యాలెట్ పెట్టారు. 2007లో, 2013లో, మళ్లీ 2024లో ఓటింగ్ జరిగింది. ఓటు ఎవరికి వేశావో ఎవరికీ తెలియదు. నీ గుమస్తా తమ్ముడు రైల్వేలో ఉన్నాడనుకో, పండక్కి ఇంటికొచ్చిన ఇద్దరి మధ్యా మంచి వాదన పుడుతుంది.

నీ ఉత్తరంలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రాన్ని ప్రస్తావించావు. అక్కడ 2011లో వచ్చిన యాక్ట్ 10 అనే చట్టం టీచర్లతో సహా చాలామంది ప్రభుత్వోద్యోగుల జీతాల్లోంచి యూనియన్ చందా కోయడాన్ని నిషేధించింది. పోలీసులకీ, అగ్నిమాపక సిబ్బందికీ మినహాయింపు ఇచ్చింది. జీతాల సెక్షన్ చేసే మామూలు లెక్కల పని వెనక ఎంత రాజకీయం ఉంటుందో ఆ మినహాయింపు చూస్తేనే తెలుస్తుంది. అయితే ఇదంతా ఈ కథలోకి లాగకు. దానికి వేరే కథ కావాలి, అదీ అక్కడ టీచరుగా పనిచేసిన మనిషితో మాట్లాడాకే.

భాష గురించి ఒక్క మాట. నీ గుమస్తా "వేతనం నుండి చందా మినహాయింపు" అంటున్నాడు. ఏ గుమస్తా అలా మాట్లాడతాడు? "కటింగులు పోను చేతికెంత వస్తుంది" అంటాడు. ఆఫీసు తెలుగుని ఆర్డరు కాపీలకి వదిలెయ్. పే స్లిప్‌లో వరసగా వచ్చే లైన్లు ఒకసారి నీ కళ్లతో చూడు. ఇన్‌కమ్ టాక్స్, పెన్షన్ కోసం కోసే ఎన్‌పీఎస్, ఇన్సూరెన్స్, ఎక్కడో చివర్న చందా. ఇంట్లో భార్య ఆ స్లిప్ చూసి "ఇదేంటి?" అని అడిగితే ఏం చెబుతాడో అదొక సీను.

తిరగరాసేటప్పుడు ఇంకొకటి సరిచెయ్యి. మార్చి నెల జీతం మార్చి 31న పడిందని రాశావు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి మార్చి జీతం ఏప్రిల్‌లో గానీ చేతికి రాదు. నీ కథలో ఇంటద్దె గొడవ సరిగ్గా ఆ రోజే జరుగుతోంది, కాబట్టి తేదీ మారితే గొడవ కూడా మారుతుంది.

ఉంటాను.