తప్పుగా గుర్తున్న పాఠాన్ని మెదడు ఎలా సరిచేసుకుంటుంది? బీడీఎన్‌ఎఫ్ మాత్రలు పనికొస్తాయా?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. గుర్తుచేసుకున్నాక జ్ఞాపకం మారుతుందన్నది నిజమేనా, అందులో బీడీఎన్‌ఎఫ్ లాంటి పెరుగుదల ప్రోటీన్ల పని ఏమిటి, నీట్‌కు చదువుతున్న మీ అబ్బాయి తప్పుగా బట్టీపట్టినవి సరికావడానికి ఆ ప్రోటీన్‌ను పెంచుతాయని అమ్ముతున్న మాత్రలు వాడవచ్చా. మాత్రలు వద్దండీ. కారణం చివర్లో చెబుతాను. ముందు మిగతా రెండూ చూద్దాం.

నేను బెంగళూరు మారతహళ్లిలో పీయూసీ (మన ఇంటర్) పిల్లలకు జీవశాస్త్రం ట్యూషన్ చెబుతాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగు పిల్లలే ఎక్కువ. వాళ్లలో చాలామందికి చిన్న తరగతుల నుంచే ఒక సూత్రం పాతుకుపోయి ఉంటుంది: ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం. పుపుస ధమని దగ్గర ఈ సూత్రం చెల్లదు. అది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తాన్ని గుండె నుంచి ఊపిరితిత్తులకు తీసుకెళ్తుంది. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే పిల్లలు తల ఊపుతారు, నోట్సులో రాసుకుంటారు, తర్వాతి పరీక్షలో మళ్లీ పాతదే రాస్తారు.

అందుకే ముందు వాళ్ల చేత చెప్పిస్తాను. పటం ఇచ్చి రంగు వేయమంటే పుపుస ధమనికి ఎరుపు వేస్తారు. ఎందుకని అడిగితే, "ధమని కదా మేడమ్, మంచి రక్తమే" అంటారు. ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోంది? "గుండె నుంచి ఊపిరితిత్తులకు." ఆ రక్తంలో ఆక్సిజన్ ముందే నిండుగా ఉంటే ఊపిరితిత్తులతో దానికి పనేముంది? అక్కడ పెన్సిల్ ఆగిపోతుంది. కాసేపు పటం వైపే చూసి, రబ్బరు తీసుకుని ఎరుపంతా చెరిపి నీలం వేస్తారు. అలా తన చేత్తో దిద్దుకున్న పిల్లవాడు ఆ తప్పు మళ్లీ చేయడం చాలా అరుదు.

మెదడులో ఏం జరుగుతుందో తెలియడానికి ఎలుకలపై చేసిన ప్రయోగాలే ముఖ్య ఆధారం. 2000లో న్యూయార్క్‌లో కరీమ్ నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, దానితోపాటు చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. తర్వాత శబ్దం మాత్రమే వినిపించి ఆ భయాన్ని గుర్తుచేశారు. వెంటనే మెదడులో భయానికి కేంద్రమైన అమిగ్డలా అనే భాగంలోకి కొత్త ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కించారు. ఆ భయం చాలావరకు పోయింది. శబ్దం వినిపించకుండా మందు ఒక్కటే ఇస్తే భయం అలాగే ఉంది. గుర్తుచేసిన ఆరు గంటల తర్వాత ఇచ్చినా అంతే. అంటే ఒకసారి స్థిరపడిన జ్ఞాపకం కూడా గుర్తుకు వచ్చినప్పుడు కొంతసేపు మెత్తబడుతుంది, మళ్లీ గట్టిపడటానికి కొత్త ప్రోటీన్లు కావాలి. ఆ వ్యవధిలోనే దాన్ని మార్చే వీలుంటుంది.

ఇక పెరుగుదల ప్రోటీన్లు. నాడీకణాలు బతకడానికి, కొమ్మలు వేయడానికి, నాడీకణ సంధులు బలపడటానికి ఇవి తోడ్పడతాయి. వీటిలో మొదటిదాన్ని కనుగొన్నందుకే రీటా లెవీ మోంటాల్చినీ 1986లో స్టాన్లీ కోహెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నారు. బీడీఎన్‌ఎఫ్‌ను 1982లో ఈవ్ బార్డ్ బృందం పంది మెదడు నుంచి వేరుచేసింది.

జ్ఞాపకాన్ని సరిచేసేది బీడీఎన్‌ఎఫ్ అని మీరు చదివారు కదా, దానికి నేను ఒక సవరణ చెప్పాలి. జ్ఞాపకాన్ని సవరించే పని అంతా బీడీఎన్‌ఎఫ్‌దే అనుకోవడం సరికాదు. 2004లో కేంబ్రిడ్జ్‌లో జొనాథన్ లీ, బ్యారీ ఎవరిట్, కెర్రీ థామస్ ఎలుకల హిప్పోక్యాంపస్‌లో (కొత్త జ్ఞాపకాలు ఏర్పడటానికి ముఖ్యమైన మెదడు భాగం) చేసిన ప్రయోగం దీన్ని స్పష్టంగా చూపింది. భయం కలిగించిన చోటును మొదటిసారి గుర్తుంచుకోవడానికి బీడీఎన్‌ఎఫ్ కావలసి వచ్చింది. అదే జ్ఞాపకం తిరిగి స్థిరపడటానికి మాత్రం జిఫ్268 అనే మరో ప్రోటీన్ అవసరమైంది, బీడీఎన్‌ఎఫ్ కాదు. అయితే పెరుగుదల ప్రోటీన్లకు ఇక్కడ పాత్రే లేదనుకోకండి. 2011లో క్రిస్టినా అల్బెరీనీ బృందం ఐజీఎఫ్-2 అనే ప్రోటీన్‌ను నేర్పిన తర్వాత గాని, గుర్తుచేసిన తర్వాత గాని ఎలుకల హిప్పోక్యాంపస్‌లోకి ఎక్కిస్తే జ్ఞాపకం బలపడింది, మరపు తగ్గింది. అదీ నేర్చుకున్న తర్వాతి పరిమిత కాలంలో ఇస్తేనే. నాకు ఈ రెండు ఫలితాలూ ఎంతో ఇష్టం. ఏ ప్రోటీన్ అన్నదొక్కటే కాదు, ఏ దశలో, ఎప్పుడు అన్నది కూడా అంతే ముఖ్యమని అవి చూపిస్తాయి.

మా బెంగళూరులోనే జరిగిన ఒక పని గురించి కూడా చెప్పాలి. బళ్లారి రోడ్డు పక్కన ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం రోజుల తరబడి ఒత్తిడికి గురిచేసిన ఎలుకల మెదళ్లను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించింది. హిప్పోక్యాంపస్‌లో బీడీఎన్‌ఎఫ్ తగ్గింది, భయానికి కేంద్రమైన అమిగ్డలాలో పెరిగింది. కాబట్టి ఈ ప్రోటీన్ "పెరిగితే మంచిదే" అన్న మాట నిలవదు, ఎక్కడ పెరిగిందో చూడాలి. కదలనివ్వకుండా బంధించిన ఎలుక ఒత్తిడినీ, ఇంట్లో తిట్లు తినే పిల్లవాడి ఒత్తిడినీ ఒకే గాట కట్టను. కానీ తప్పు చెప్పిన పిల్లవాడిని నలుగురిలో కసిరితే పాఠం పోయి, అవమానం ఒక్కటే గుర్తుండిపోతుంది. నా గదిలో అది జరగనివ్వను.

ఎలుకల భయం వేరు, పుపుస ధమని పాఠం వేరు అని మీరు అనవచ్చు. నిజమే. నా పద్ధతికి ఎలుకల ప్రయోగాలొక్కటే ఆధారం కాదు. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులకు కొన్ని పాఠ్యభాగాలు ఇచ్చి చూశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే మెరుగు. వారం తర్వాత అడిగితే మాత్రం పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవాళ్లు బాగా ముందున్నారు. పరీక్ష ముందు రాత్రి చదివి "అంతా వచ్చేసింది" అనుకునే పిల్లలకు నేను ఈ ఫలితం తప్పకుండా చెబుతాను.

మీ అబ్బాయితో ఇలా చేసి చూడండి. తప్పు కనిపించగానే సరైన జవాబు అందించకండి. వాడికి తెలిసింది పూర్తిగా చెప్పనివ్వండి, ఎందుకలా అనుకుంటున్నాడో అడగండి, ఆ మాటకూ పటానికీ ఎక్కడ పొసగడం లేదో వాడినే వెతకమనండి. సరైనది వాడి నోటితోనే రావాలి. మరునాడు ఒకసారి, వారం పోయాక ఒకసారి పుస్తకం చూడకుండా మళ్లీ అడగండి. తప్పు జవాబును ఊరికే వల్లెవేయించి వదిలేస్తే మాత్రం అదే ఇంకా బలపడే ప్రమాదం ఉంది, దిద్దుబాటు అక్కడికక్కడే జరగాలి.

మాత్రల సంగతికి వస్తే, బీడీఎన్‌ఎఫ్ ఒక ప్రోటీన్. నోటితో తీసుకుంటే పప్పులోని ప్రోటీన్ లాగే కడుపులో, పేగుల్లో విడిపోతుంది. ప్రయోగశాలల్లో ఐజీఎఫ్-2ను నేరుగా మెదడులోకి ఎక్కించారు, మింగించలేదు. ఇక ఫలానా మూలికతో మెదడే దాన్ని ఎక్కువ తయారుచేస్తుందని సీసా మీద రాసినా, ఆ పెరుగుదల హిప్పోక్యాంపస్‌లోనా అమిగ్డలాలోనా, పాఠం గుర్తుచేసుకున్న గంటలోనా వారం తర్వాతా అన్నది ఆ సీసా చెప్పదు. ఇంకా మూత తీయకపోతే దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.