టెక్ సందేహాలు: సైటు లోపల సైటు పెడితే ఏమవుతుంది?

ప్రశ్న (కడప నుంచి): నాన్నగారి ఎరువుల దుకాణం కోసం పీహెచ్‌పీ భాషలో వెబ్‌సైటు తయారుచేస్తున్నాను. సొంత కంప్యూటర్‌లోనే సైటు నడిపి చూసుకునే ఎక్సాంప్‌ను ల్యాప్‌టాప్‌లో వేసుకున్నాను. సైటు ఫైళ్లు పెట్టే హెచ్‌టీడాక్స్‌లో ‘దుకాణం’ ఫోల్డరు, దాని లోపలే ‘బిల్లులు’ అనే మరో అప్లికేషన్ ఉన్నాయి. బిల్లుల్లో లోపలి పేజీ తెరిస్తే దుకాణం సైటు వచ్చి ‘పేజీ లేదు’ అంటోంది. దుకాణం సైటులో ఫొటోలకు 1 ఎంబీ పరిమితి పెట్టాను. ఇప్పుడు బిల్లుల్లోనూ 3 ఎంబీ రసీదు ఫొటో ఎక్కడం లేదు. ఒకదానిలో లాగిన్ అయితే రెండోదానిలో వాడుకరి పేరు మారిపోతోంది. పోర్టులు (చిరునామాలో పేరు తర్వాత వచ్చే సంఖ్యలు) వేరుచేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ముందు ఫోల్డర్లను వేరుచేయండి.

ఎక్సాంప్‌లోని వెబ్ సర్వర్ అపాచీ ఏ ఫైలు ఇవ్వాలన్నా, డిస్కు మొదలు నుంచి ఆ ఫైలు ఉన్న ఫోల్డరు వరకు దారిలో, అనుమతి ఉన్నచోటల్లా .హెచ్‌టీయాక్సెస్ (ఫోల్డరుకు వర్తించే సెట్టింగులు రాసే ఫైలు) వెతికి అమలు చేస్తుంది. హెచ్‌టీడాక్స్‌కు ఎక్సాంప్ ఆ అనుమతి ముందే ఇచ్చి ఉంచుతుంది. సుంకేసుల దగ్గర కె.సి. కాలువలోకి వదిలిన నీరు మీ కడప దాకా పారినట్టే, దుకాణం .హెచ్‌టీయాక్సెస్‌లో పెట్టిన 1 ఎంబీ హద్దు బిల్లుల్లోకీ దిగింది. పోర్టు మార్చినా, వర్చువల్ హోస్టు (ఒక్కో సైటుకు వేరే పేరు, వేరే ఫోల్డరు చూపే అమరిక) పెట్టినా ఫోల్డరు అక్కడే ఉన్నంతకాలం ఇది ఆగదు. చాలామంది గంటలకొద్దీ తలపట్టుకునేది ఇక్కడే.

అడిగిన చిరునామాను మరో పేజీకి మళ్లించే రీరైట్ నియమాల తీరు మాత్రం వేరు. బిల్లుల ఫోల్డరులో సొంత .హెచ్‌టీయాక్సెస్ పెట్టి ‘రీరైట్ ఇంజిన్ ఆన్’ అని రాస్తే, పై ఫోల్డరు రీరైట్ నియమాలు దానికి వర్తించవు. మీ దగ్గర ఆ ఫైలు లేదనుకుంటాను. అందుకే దొరకని చిరునామాలన్నీ దుకాణం చేతికి పోతున్నాయి. ఆ ఒక్క పంక్తితో ‘పేజీ లేదు’ సమస్య తగ్గవచ్చు గానీ ఫొటో సమస్య అలాగే ఉంటుంది. అందుకే అతుకులు వేయవద్దంటున్నాను.

బిల్లుల ఫోల్డరును దుకాణం లోపలి నుంచి తీసి, దాని పక్కన పెట్టండి. ఎక్సాంప్‌లో అపాచీ, కాన్ఫ్, ఎక్స్‌ట్రా ఫోల్డర్ల వరుసలో వెళ్తే హెచ్‌టీటీపీడీ-వీహోస్ట్స్ ఫైలు ఉంటుంది. అందులో రెండింటికీ చెరొక వర్చువల్ హోస్టు రాసి, ‘దుకాణం.లోకల్‌హోస్ట్’, ‘బిల్లులు.లోకల్‌హోస్ట్’ తరహా పేర్లు ఇవ్వండి. పేర్లు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. ఇలాంటి పేర్లను క్రోమ్, ఫైర్‌ఫాక్స్ నేరుగా మీ కంప్యూటర్‌కే పంపుతాయి. .డెవ్ అనే ముగింపు జోలికి పోకండి. అది నిజమైన ఇంటర్నెట్ డొమైన్, బ్రౌజర్లు దాన్ని హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరుస్తాయి. ఏ హోస్టుకూ సరిపడని పేరు వస్తే అపాచీ ఫైలులోని మొదటి హోస్టునే చూపిస్తుంది కనుక, మామూలు లోకల్‌హోస్ట్‌కు కూడా ఒకటి రాసి అన్నిటికన్నా పైన ఉంచండి. ఆ తర్వాత అపాచీని ఆపి మళ్లీ మొదలుపెట్టాలి.

ఇక లాగిన్ సంగతి. కుకీలు (సైటు ఇస్తే బ్రౌజరు దాచుకునే చిన్న గుర్తులు) పోర్టు సంఖ్యను చూడవు, హోస్టు పేరునే చూస్తాయి. 8081లో ఒకటి, 8082లో ఒకటి నడిపినా లాగిన్‌ను గుర్తుంచే పీహెచ్‌పీ సెషన్ కుకీ రెండింటికీ ఒక్కటే. సర్వర్‌లో సెషన్ ఫైలూ ఒక్కటే కనుక ఒక సైటు రాసుకున్న పేరు మీద రెండో సైటు రాస్తుంది. పైన చెప్పినట్టు పేర్లు వేరైతే కుకీలూ వేరవుతాయి.

ఫోల్డరు కదిపాక పాత లింకులు కొన్ని తెగుతాయి. సైటు మూల చిరునామాను ఒకే కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంచి, మిగతా పేజీలన్నీ దాన్నే చదివేలా ఇప్పుడే మార్చుకోండి.

ప్రశ్న (ఆదోని నుంచి): ప్రాజెక్టును కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటుకు పంపితే లోపలి ఫోల్డరు తెరుచుకోవడం లేదు. నా ఫైళ్లు పోయాయా?

జవాబు: పోలేదు, మీ కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ ఫోల్డరులో మరో .గిట్ (మార్పుల చరిత్రను గిట్ దాచే ఫోల్డరు) ఉండడం వల్ల బయటి గిట్ అందులోని ఫైళ్లను కాక, ఒక కమిట్ (భద్రపరిచిన మార్పు) గుర్తును మాత్రమే దాచుకుంది. లోపలి చరిత్ర అక్కర్లేకపోతే ‘గిట్ ఆర్‌ఎమ్ --క్యాష్‌డ్’ ఆదేశాన్ని ఆ ఫోల్డరు పేరుతో ఇచ్చి, లోపలి .గిట్ తీసేసి, ఫోల్డరును మళ్లీ చేర్చండి. చరిత్ర కావాలంటే సబ్‌మాడ్యూల్‌గా, అంటే లోపలి ప్రాజెక్టును సొంత చరిత్రతో వేరుగా నిలిపే పద్ధతిలో పెట్టుకోండి. ఏది చేసినా ముందు ఫోల్డరు నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసి ఉంచుకోండి.