పెద్ద ఎస్ ఎవరు పెట్టారు?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లిష్ భగవద్గీత తెచ్చిచ్చాడు. ఆరో అధ్యాయం అయిదో శ్లోకంలో ‘సెల్ఫ్’ అన్న మాటకి ఒకచోట పెద్ద ఎస్, ఇంకోచోట చిన్న ఎస్ వేశారు. పెద్దదుంటే పరమాత్మ, చిన్నదుంటే మనసు అంటారు మా సత్సంగంలో ఒకాయన. మూలంలో కూడా ఈ తేడా ఉందా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: లేదమ్మా. సంస్కృతాన్ని దేవనాగరిలో రాసినా మన లిపిలో రాసినా పెద్దక్షరం, చిన్నక్షరం అని రెండు రకాలు ఎక్కడున్నాయి? ఆ పెద్ద ఎస్ అనువాదకుడు పెట్టిందే. ‘ఉద్ధరేదాత్మనాత్మానం’ అని మొదలయ్యే ఆ ఒక్క శ్లోకంలో ‘ఆత్మ’ అన్న మాట ఏడుసార్లు వస్తుంది, పైగా సంస్కృతంలో దానికి ‘తాను, తన’ అన్న మామూలు అర్థం కూడా ఉంది, కాబట్టి పాపం ఇంగ్లిష్‌లో రాసేవాడు ఏడుసార్లూ ఆగి పెద్దదా చిన్నదా అని తేల్చుకోవాలి. తెలుగులో ‘తనను తానే ఉద్ధరించుకోవాలి’ అంటే సరిపోయె.

మీ సత్సంగం ఆయన మాట సగం నిజం. రామానుజులు కూడా అక్కడ ‘ఆత్మనా’ అంటే మనసుతో అనే చెప్పారు. పరమాత్మ దగ్గరే చిక్కు, ఆయన్ని మనం ఉద్ధరించేదేంటి!

అలాగని పెద్దక్షరాలన్నీ వట్టివి అనను. ఇంగ్లిష్ బైబిల్ 23వ కీర్తనలో ‘లార్డ్’ మాటని చాలా ప్రతుల్లో మొత్తం పెద్దక్షరాల్లో వేస్తారు, ఎందుకంటే హీబ్రూలో అక్కడున్నది నాలుగక్షరాల దేవుడి పేరు. తెలుగు బైబిల్లో ‘యెహోవా నా కాపరి’ అని ఆ పేరే ఉంటుంది. హీబ్రూకీ పెద్దక్షరాలు లేవు లెండి. జర్మన్‌లో ఇంకో తంటా, నామవాచకాలన్నిటికీ పెద్దక్షరమే, అందుకని అక్కడి తత్త్వవేత్త కాంట్ ఏ మాటకి బరువిచ్చాడో అక్షరం చూసి చెప్పలేం.

మనకి ఆ పని చివరి అక్షరాలు చేసిపెడతాయి. నాలుగు తలల దేవుడైతే బ్రహ్మదేవుడు, తత్త్వమైతే బ్రహ్మము. ‘బ్రహ్మమొకటే’ అని అన్నమయ్య పాడింది ఆ రెండోదాని గురించి. అదీ లేనిచోట సందర్భమే చెబుతుంది. మీ ఊళ్లో ‘కొండకి పోతున్నా’ అంటే ఏ కొండ అని ఎవరైనా అడుగుతారా?

ఈసారి ఆ ఏడు చోట్లా పెన్సిల్‌తో ‘ఆత్మ’ అని రాసుకుని చదవండి. ఎస్ సంగతి మీ అబ్బాయికి వదిలేయండి.